గేటు దగ్గరి జీతం తేలేది మన మీటింగులోనే: హైదరాబాద్ అపార్టుమెంట్ అసోసియేషన్లకు బహిరంగ లేఖ

అధ్యక్షులకు, కార్యదర్శులకు, కోశాధికారులకు, సర్వసభ్య సమావేశానికి వచ్చి సంతకం పెట్టి సమోసా తిని వెళ్లిపోయే మిగతా ఫ్లాటు యజమానులకు నమస్కారం.

కనీస వేతనం పెంచాలా వద్దా అన్న వాదన ఎప్పుడు లేచినా, అది ప్రభుత్వానికీ ఫ్యాక్టరీ యజమానులకూ మధ్య పంచాయితీ అన్నట్టు మనం పక్కన కూర్చుంటాం. టీవీలో ఒక పక్క కార్మిక సంఘం నాయకుడు, మరో పక్క పరిశ్రమల ప్రతినిధి. రిమోట్ మన చేతిలో. కానీ మియాపూర్ నుంచి ఉప్పల్ దాకా, మణికొండ నుంచి బాచుపల్లి దాకా గేట్ల దగ్గర నిలబడే గార్డులకు, మెట్లు తుడిచే హౌస్‌కీపింగ్ వాళ్లకు, తోటమాలులకు, సెల్లార్ గదిలో కాపురముండే వాచ్‌మన్‌లకు జీతం ఎంతో తేలుతున్నది సచివాలయంలో కాదు. మెయింటెనెన్స్ చదరపు అడుగుకు పావలా పెంచాలా, అక్కర్లేదా అని మనం కేకలేసుకునే క్లబ్‌హౌస్‌లో తేలుతోంది. వాళ్ల యజమానులం మనమే. ఆ మాట వినడానికి ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి మధ్యలో ఏజెన్సీని పెట్టుకున్నాం.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. నిజాంపేట వైపు ఒక అపార్టుమెంటులో కొంతకాలం కోశాధికారిగా ఉన్నాను. లెక్కల మనిషిని కాబట్టి దయ, ధర్మం జోలికి పోకుండా లెక్కలతోనే మాట్లాడతాను.

మా ఏజెన్సీ ప్రతి నెలా బిల్లుతో పాటు ఒక హాజరు పట్టిక పంపేది. చక్కగా టైపు చేసి ఉండేది. ఒక్కొక్క గార్డు పేరు ఎదురుగా 26 రోజులు, రోజుకు ఎనిమిది గంటలు. గేటు దగ్గర ఇంకో పుస్తకం ఉండేది, అట్ట చినిగిన పొడుగు రిజిస్టరు. అందులో అదే గార్డు తన చేత్తో రాసుకున్న లెక్క వేరు: రాక ఉదయం 8, పోక రాత్రి 8. నెలకు ముప్పై సంతకాలు. రాత్రి డ్యూటీ మనిషి రాని రోజున ఆ సంతకం కిందే మళ్లీ అదే సంతకం, అదే సిరా. అక్షరాలు మాత్రం కొంచెం వాలి ఉండేవి. ఈ రెండు పుస్తకాలూ కార్యవర్గం బల్ల మీద పక్కపక్కనే ఉండేవి. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఇద్దరు చార్టర్డ్ అకౌంటెంట్లు. ఏజెన్సీ మేనేజరును అడిగితే, "సార్, ఊళ్లో అందరిదీ ఇదే లెక్క కదా" అని నవ్వారు. ఆయన అబద్ధం చెప్పలేదనే నా నమ్మకం.

ఇప్పుడు ఆ పన్నెండు గంటల లెక్క చూద్దాం. చట్టం ప్రకారం పనిదినం ఎనిమిది గంటలు. దాటిన ప్రతి గంటకూ రెట్టింపు ఇవ్వాలి. పన్నెండు గంటల డ్యూటీ అంటే ఎనిమిది గంటలకు మామూలు కూలి, మిగిలిన నాలుగు గంటలకు ఎనిమిది గంటల కూలి. కలిపితే రెండు రోజుల వేతనం. ఒక గేటుకు రాత్రింబగళ్లు కాపలా కోసం ఇద్దరిని పన్నెండేసి గంటలు నిలబెడితే రోజుకు నాలుగు వేతనాలు ఇవ్వాలి. ముగ్గురిని ఎనిమిదేసి గంటలు పెట్టుకుంటే మూడు వేతనాలతో సరిపోతుంది. చట్టాన్ని పాటించేవాడికి మూడు షిఫ్టులే చవక! అయినా ఇన్ని గేట్ల దగ్గర రెండు షిఫ్టులే నడుస్తున్నాయంటే ఏజెన్సీలకు కూడిక రాక కాదు. ఆ నాలుగు గంటలకు ఎవరూ పైసా కట్టడం లేదు, అంతే. కనీస వేతనం పెంచాలా అన్న చర్చకు ముందు, ఇప్పుడున్న కనీస వేతనాన్ని గంటలు సాగదీసి మనం ఎంత తగ్గించేశామో మాట్లాడుకోవాలి. నెల జీతాన్ని గంటలతో భాగించి చూడండి. మీకే తెలుస్తుంది.

"అది ఏజెన్సీ వ్యవహారం, మాకేం సంబంధం" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ అనే కేంద్ర చట్టంలో 43వ సెక్షన్ ఒకసారి చదవండి. అసలు యజమాని వేతనం చెల్లించకపోతే, ఆ మనిషి పనిచేస్తున్న చోటుకు సొంతదారైన కంపెనీ గానీ, ఫర్మ్ గానీ, అసోసియేషన్ గానీ బాధ్యత వహించాలని అందులో ఉంది. అసోసియేషన్ల పేరు నేను ఇరికించింది కాదు, పార్లమెంటు రాసింది.

ఇక రేట్ల సంగతి. 1948 నాటి కనీస వేతనాల చట్టం ఐదేళ్లు దాటకుండా రేట్లను సమీక్షించమంది. మన రాష్ట్రంలో చాలా రంగాల మూల వేతనాలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రోజుల్లో నిర్ణయించినవి. వాటి మీద ఆరు నెలలకోసారి కరువు భత్యం కలుపుతూ ఏళ్ల తరబడి నెట్టుకొచ్చారు. 2021లో ఐదు రంగాలకు కొత్త రేట్లతో జీవోలు ఇచ్చారు, గెజెట్‌లో మాత్రం అచ్చు వేయలేదు. గెజెట్‌లో రాని రేటును ఏ యజమానీ లెక్కచేయడు. చివరికి ఆ విషయం హైకోర్టు దాకా వెళ్లింది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర కార్మిక శాఖ కార్యాలయం ఉన్న భవనానికి టి.అంజయ్య పేరు పెట్టారు. ఆల్విన్ కంపెనీలో కూలీగా మొదలుపెట్టి ముఖ్యమంత్రి పదవి దాకా వెళ్లిన మనిషి ఆయన. ఆ పేరున్న గుమ్మం లోపల ఫైళ్లు అంత నింపాదిగా కదలడం నాకు మింగుడు పడదు.

అదే సమయంలో కేంద్రం పరిధిలోని పనులకు ఏం ఇచ్చారో చూడండి. 2024 అక్టోబర్ 1 నుంచి వర్తించిన కేంద్ర రేట్లలో హైదరాబాద్ పెద్ద నగరాలుండే 'ఎ' ప్రాంతం కిందికి వస్తుంది. ఊడ్చి శుభ్రం చేసే పనికి రోజుకు 783 రూపాయలు. ఆయుధం లేని కాపలాకు 954. నెలకు 26 రోజుల చొప్పున 20,358, 24,804. ఇది ఎనిమిది గంటల పనికి. ఇదే ఊళ్లో, ఇదే ఎండలో, ఇదే బియ్యం ధరకు బతికే మనిషి రైల్వే గోడ పక్కన నిలబడితే ఒక రేటు, మన గోడ పక్కన నిలబడితే ఇంకో రేటు. రెండో మనిషికి ఆకలి తక్కువని ఎవరూ రుజువు చేయలేదు. ఇంకో విశేషం గమనించారా? కేంద్రం కాపలా పనిని నైపుణ్యం ఉన్న పనుల వరుసలో పెట్టింది. మనం మాత్రం "ఊరికే కూర్చోవడమే కదా" అంటాం. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల మీద 2005లో చట్టం వచ్చింది. దాని కింద కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనలు ఒక్కొక్క గార్డుకు 160 గంటల శిక్షణ ఇవ్వాలన్నాయి. మీ గేటు దగ్గరి కుర్రాడికి ఎన్ని గంటలు ఇచ్చారో అడిగి చూడండి. యూనిఫారం కొలతలు తీసుకునే సమయం కూడా కలిపే అడగండి. అయినా అర్ధరాత్రి లిఫ్టు మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య ఆగిపోతే లోపలున్నవాళ్లకు ధైర్యం చెబుతూ పై గదికి పరుగెత్తేది అతనే. జనరేటర్ ఆన్ కాకపోతే మనం ఫోను చేసేదీ అతనికే.

నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించేది పెద్ద గేటెడ్ కమ్యూనిటీల సంగతి కాదు. పదిహేను, ఇరవై ఫ్లాట్ల పాత అపార్టుమెంట్లలో వాచ్‌మన్ కుటుంబం సంగతి. ఏ శ్రీకాకుళం నుంచో, పాలమూరు నుంచో, నేపాల్ నుంచో వస్తారు. సెల్లార్‌లో మీటర్ల బోర్డు పక్కన ఒక గది ఇస్తాం. కిటికీ ఉంటే అదృష్టం. భర్త మోటారు వేస్తాడు, నీళ్ల ట్యాంకరు వస్తే పైపు పడతాడు, కార్లు తుడుస్తాడు, అర్ధరాత్రి హారన్ కొడితే లేచి గేటు తీస్తాడు. భార్య తెల్లవారుజామున వాకిలి ఊడ్చి ముగ్గు వేస్తుంది, ఐదంతస్తుల మెట్లు తుడుస్తుంది, ఇంటింటి చెత్త కిందికి దించుతుంది, అతను ఊరెళితే మోటారూ గేటూ కూడా ఆమే చూస్తుంది. నెల తిరిగేసరికి జీతం ఒక్కటే, అతని పేరు మీద. "గది ఊరికే ఇచ్చాం కదా" అన్న మాట పైన. ఆ గది లేకపోతే అర్ధరాత్రి గేటు తీసేవాడు దొరకడన్న సంగతి మాత్రం లెక్కలోకి రాదు.

1957లో 15వ భారత కార్మిక సదస్సు కనీస వేతనం ఎలా కట్టాలో ఒక పద్ధతి చెప్పింది. కుటుంబాన్ని మూడు వినియోగ యూనిట్లుగా (ఒక పెద్ద మనిషి అవసరం ఒక యూనిట్) తీసుకోవాలి; ఒక్కొక్క యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె విడిగా; ఇంధనం, దీపం వగైరాలకు మొత్తంలో 20 శాతం. సంపాదించేది ఒక్కరేనని భావించాలి, భార్యాపిల్లల సంపాదన కలపకూడదు. పిల్లల చదువు, వైద్యం, పండుగలు, పెళ్లిళ్లు, ముసలితనం కోసం ఇంకో 25 శాతం చేర్చాలని 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు అంది. భార్య సంపాదనను లెక్కలోకి తీసుకోవద్దని పెద్దలు చెబితే, మనం భార్య చేసే పనిని లెక్కలోకి తీసుకోవడం మానేశాం.

"వాళ్లే ఆ జీతానికి ఒప్పుకుని చేరారు, మనం బలవంతం చేశామా" అని ప్రతి మీటింగులోనూ ఒకరు లేస్తారు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ కిందికే వస్తుందని, ఆకలి, పేదరికం కూడా బలవంతమేనని జస్టిస్ పి.ఎన్.భగవతి తీర్పు రాశారు. ఆ మాట రాత్రి డ్యూటీకి, మెట్ల చీపురుకు కూడా వర్తిస్తుంది.

ఇంకో వాదన ఉంది, అది కాస్త గట్టిది: జీతాలు పెంచితే మనుషుల్ని తగ్గించేస్తారు, ఉన్న ఉద్యోగమూ పోతుంది అని. దీన్ని నేను కొట్టిపారేయను. 1992 ఏప్రిల్‌లో అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది, పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు రెండు వైపులా ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలను పరిశీలించి, పెంచిన చోట ఉద్యోగాలు తగ్గినట్టు కనబడలేదని 1994లో ప్రకటించారు. వేరే ఇద్దరు జీతాల రికార్డులు తెప్పించుకుని, కాదు, తగ్గాయన్నారు. ఆ రగడ ఇంకా సాగుతూనే ఉంది. 2021లో కార్డ్‌కు నోబెల్ మాత్రం వచ్చింది. ఆ ఊరి బర్గర్ల లెక్క మన గేటుకు నేరుగా అతకదని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఒక్క విషయం చూడండి. ఫ్యాక్టరీ యజమాని రేట్లు పెరిగితే పక్క రాష్ట్రానికి పోతానని బెదిరించగలడు. మనం అపార్టుమెంటును ఎత్తుకుని ఏ రాష్ట్రానికి పోతాం? మెట్లు ఇక్కడే తుడవాలి, గేటు ఇక్కడే తీయాలి. కెమెరాలు పెట్టి గార్డులను తగ్గించుకున్న సంఘాలు లేకపోలేదు. అవి జీతాలు పెరగక ముందు కూడా ఆ పని చేశాయి.

ఖర్చెంతో కూడా చెబుతాను. ఒక ఉదాహరణ తీసుకోండి: 200 ఫ్లాట్లు, సగటున 1,500 చదరపు అడుగులు, అన్ని రకాల సిబ్బంది కలిపి 24 మంది. ఒక్కొక్కరికి 4,000 పెంచారనుకుందాం. దాని మీద యజమాని వాటా పీఎఫ్ ఖర్చులతో కలిపి 13 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం పడతాయి. ఏజెన్సీ సర్వీసు చార్జీ 8 శాతం అనుకోండి, ఆ మొత్తం మీద జీఎస్టీ 18 శాతం. మనిషికి సుమారు 5,930 అవుతుంది. మొత్తం నెలకు లక్షా 42 వేలు. ఫ్లాటుకు 711 రూపాయలు, చదరపు అడుగుకు 47 పైసలు. ఇది తక్కువేమీ కాదు. పెన్షన్ మీద బతికే నాలాంటివాళ్లకు ఏడు వందలంటే ఏడు వందలే. "ఒక పిజ్జా ఖర్చు" అని తేల్చేసేవాళ్ల మాటలు నాకు నచ్చవు. కానీ లిఫ్టు కంపెనీ ఏటా నిర్వహణ చార్జీ పెంచితే మనలో ఎవరూ సర్వసభ్య సమావేశం పెట్టమని అడగరు. డీజిల్ ధర పెరిగితే జనరేటర్ ఖర్చు నోరెత్తకుండా పంచుకుంటాం. బిల్లులో బేరం ఆడదగిన వరుస ఏదంటే మనకు మనుషుల వరుసే కనబడుతుంది, ఎందుకంటే ఆ వరుస తిరగబడి మాట్లాడదు.

అంత భారం మోయలేమంటారా, సరే. అప్పుడు పని తగ్గించుకోండి, కూలి తగ్గించకండి. చిన్న అపార్టుమెంట్లు రాత్రి పదకొండు నుంచి ఉదయం ఐదు దాకా గేటుకు తాళం వేసి ఇంటికో తాళంచెవి ఇచ్చుకోవచ్చు. ఆలస్యంగా వచ్చే కొడుకు కారు దిగి తన గేటు తాను తీసుకుంటే అరిగిపోడు. పక్కపక్కన ఉన్న రెండు భవనాలు కలిసి ఒక పూట మనిషిని పెట్టుకోవచ్చు. మూడు గేట్లున్న చోట ఒకటి మూసేయవచ్చు. పెద్ద సంఘాల్లో అద్దాల క్లబ్‌హౌస్ ముందు సెల్యూట్ కొట్టడానికి మాత్రమే ఒక మనిషిని నిలబెట్టిన చోట్లు నాకు తెలుసు. ఆ సెల్యూట్ మానేస్తే వచ్చే నష్టమేమిటో మీరే చెప్పండి.

మన ఫ్లాట్లలో ఉన్నవాళ్లం ఏదో ఒక పెంపుదల మీద బతికినవాళ్లమే. ప్రభుత్వ ఉద్యోగులకు వేతన సవరణ సంఘం, సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఏడాదికోసారి హైకు, మా బ్యాంకు వాళ్లకు ఐదేళ్లకో వేతన ఒప్పందం, మూడు నెలలకోసారి డీఏ. బ్యాంకు ఉద్యోగులకు వచ్చిన అవార్డును, అంటే ట్రిబ్యునల్ ఇచ్చిన వేతన తీర్పును, కేంద్రం కత్తిరించిందని 1954లో వి.వి.గిరి కార్మిక మంత్రి పదవికే రాజీనామా ఇచ్చారు. మా కోసం అలా నిలబడ్డవాళ్లు ఉన్నారు. డీఏ ఆలస్యమైతే మేం ఎంత గోల చేసేవాళ్లమో, అదే నోటితో వాచ్‌మన్ ఐదు వందలు పెంచమంటే "వీళ్లకు ఆశ ఎక్కువైంది" అనడం నా చెవులతో విన్నాను. ఇళ్లలో పనిచేసేవాళ్ల సంగతి వేరే ఉత్తరానికి సరిపడా ఉంది, ఇక్కడ ఎత్తుకోను.

చాలా అసోసియేషన్ల ఏజెన్సీ ఒప్పందాలు మార్చి 31తో ముగుస్తాయి. కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టేముందు మీరు చేయగలిగినవి ఉన్నాయి. టెండరులో "తక్కువ కోట్ చేసినవారికే" అన్న పద్ధతి తీసేయండి. వేతనం ఎంతో సంఘమే ముందు నిర్ణయించి, ఏజెన్సీలు తమ సర్వీసు చార్జీ మీద మాత్రమే పోటీ పడేలా చూడండి. ఇప్పుడు పోటీ అంతా గార్డు కడుపు మీద జరుగుతోంది. రాష్ట్ర రేటు ఎంతైనా కానివ్వండి, కేంద్రం 'ఎ' ప్రాంతానికి ఇచ్చే రేటును లక్ష్యంగా పెట్టుకుని, ఒక్కసారి కుదరకపోతే రెండేళ్లలో చేరుకోండి. ఆ తీర్మానానికి ఏ గెజెట్ కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. మూడు షిఫ్టులు, వారానికి ఒక సెలవు, ఆ సెలవు రోజుకు బదులు మనిషి (రిలీవర్) అని ఒప్పందంలో రాయండి. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోపు బ్యాంకు ఖాతాలో పడాలి. కోడ్ చెప్పే గడువు కూడా అదే. పీఎఫ్ చలానాలో మీ గార్డుల పేర్లు విడివిడిగా ఉన్నాయో లేదో, యజమాని వాటాను కూడా వాళ్ల జీతంలోంచే కోస్తున్నారో ఏమో, కోశాధికారి ప్రతి నెలా చూడాలి. గేటు రిజిస్టరుతో హాజరు పట్టిక కలవని నెలలో బిల్లు ఆపండి. రెండు నెలలు ఆపితే మూడో నెల నుంచి కలుస్తుంది. బ్యాంకులో ఇంతకంటే మొండి లెక్కలు కలిపించాం.

వాచ్‌మన్ కుటుంబాలున్న చిన్న అపార్టుమెంట్లు భార్య పేరు మీద వేరే వోచరు రాయండి. ఆమె పేరు ఏమిటో కార్యదర్శికి తెలియకపోతే ముందు అది కనుక్కోండి.

ఇట్లు,
ఒక మాజీ కోశాధికారి,
నిజాంపేట, హైదరాబాద్